సమర్త, సత్తువ, కొలత: మదనపల్లె ప్రాంతంలో కౌమార దేహభావన (1909–1959)

తెలుగులో ఆడపిల్ల ఈడేరడాన్ని 'సమర్త' అంటారు. ఇది 'సమర్థ' శబ్దం నుండి వచ్చిన తద్భవంగా భావించదగినది. సామర్థ్యాన్ని సూచించే మాట ఒకటి ఆడపిల్ల దేహాన్ని గురించి వాడుకలో స్థిరపడడం విశేషమే. కాని ఆ సామర్థ్యం పరుగెత్తేది కాదు, బరువెత్తేది కాదు, చెట్టెక్కేది కాదు. బిడ్డను కనగలిగేది మాత్రమే. అదే ఈడు మగపిల్లవానికి వచ్చేటప్పటికి భాష ఒక్కసారిగా సంపన్నమవుతుంది. సత్తువ, చేవ, దమ్ము, ఒడుపు, పట్టు, వాటం అంటూ ఒక్కొక్క శక్తికి ఒక్కొక్క మాట ఉన్నది. ఆడపిల్లకు వాడే నాజూకు, ఒద్దిక, అణకువ వంటి మాటలు దేహం ఏమి చేయగలదో చెప్పవు. అది ఎట్లా కనిపించాలో, ఎంతలో ఉండాలో చెబుతాయి. రెండు కడవలు ఒకదానిమీద ఒకటి పెట్టుకొని దిగుడుబావి మెట్లెక్కే పదునాలుగేళ్ళ పిల్లకు మెడసత్తువ ఉన్నదని ఎవరూ అనరు. 'పనిమంతురాలు' అంటారు. అక్కడ దేహశక్తి గుణంగా మారి, దేహం పక్కకు తప్పుకొంటుంది.

పదమూడు నుండి పందొమ్మిదేళ్ళ మధ్య వయస్సులో పిల్లలు తమ దేహాన్ని, దాని శక్తిని ఏ విధంగా భావించుకొంటారన్నది ఆధునిక మనస్తత్త్వశాస్త్రం విస్తారంగా చర్చించిన ప్రశ్న. స్టాన్లీ హాల్ కౌమారాన్ని గురించి 1904లో వెలువరించిన బృహద్గ్రంథం, దేహప్రతిమను గురించి పాల్ షిల్డర్ 1935లో ప్రచురించిన గ్రంథం ఈ చర్చకు పునాదులు వేసినవి. నడక, ఈత, కూర్చొనే తీరు వంటివి కూడా సమాజం నేర్పే విద్యలేనని మార్సెల్ మౌస్ 1934 నాటి ఉపన్యాసంలో ప్రతిపాదించినాడు. ఈ వ్యాసానికి ఆ ప్రతిపాదన చాలు. కౌమారంలోని పిల్లలు తమ దేహాన్ని కేవలం తమ కళ్ళతో చూసుకోరు. ఊరు, బడి, శాసనం, ఆసుపత్రి తమ చేతికిచ్చిన కొలబద్దతో చూసుకొంటారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఆరు దశాబ్దాలలో ఈ కొలబద్ద ఒకటికి నాలుగుసార్లు మారినది. మారిన ప్రతిసారీ బాలుడు ఒక రకంగా, బాలిక మరొక రకంగా దానికి లోనయినారు.

ఈ మూడు ఊళ్ళు అప్పటికి ఒకే పాలనలో పెరిగినవి కావు. మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు, కుప్పాన్ని కలుపుకొన్న కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటుకు చెందినవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడూ ఒక గొడుగు కిందికి వచ్చినవి. ఇటు కన్నడం, అటు తమిళం ఆనుకొని ఉన్న నేల ఇది. ఆటలు, జాతరలు, ఈడేరిన పిల్లకు చేసే వేడుకలు ఈ మూడు భాషల సరిహద్దులను ఏనాడూ లెక్కపెట్టలేదు.

ఊరి కొలత

ఊరు మగపిల్లవాని దేహాన్ని బహిరంగంగా పరీక్షిస్తుంది. రాయలసీమ పల్లెల్లో రాతిగుండు ఎత్తే పందెం, ఇసుకమూట మోసే పందెం, పండుగనాడు కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దును నిలువరించే సాహసం ఇటువంటి పరీక్షలు. గుండు మోకాలిదాకా లేచినదా, రొమ్ముదాకా లేచినదా, భుజం మీదుగా వెనక్కు పడినదా అన్నది ఊరందరికీ తెలిసిన లెక్క. ఏ పుస్తకంలోనూ నమోదు కాని ఈ లెక్క ఆ పిల్లవానికి జీవితాంతం పేరుగా మిగిలేది. ఓడినవానికి కూడా పేరు మిగిలేదన్న సంగతి మరువరాదు. పొట్టివాడు, బక్కవాడు, కుంటివాడు అన్నవి ఇంటిపేర్లకంటె గట్టిగా అతుక్కొనే పిలుపులు. పొట్టిదనాన్నే ఘనతగా చెప్పుకొనే గోజాతి పుట్టిన పుంగనూరు సీమలోనూ పొట్టి పిల్లవానికి ఆ గౌరవం దక్కలేదు.

చిత్తూరు జిల్లా ధర్మరాజు గుళ్ళలో వేసవిలో జరిగే భారత ఉత్సవాలు ఈ సందర్భంలో మరింత విలువైన ఆధారం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండ ప్రవేశం. నడుమ ఒకనాడు అర్జున తపస్సు. అర్జున వేషధారి ఎత్తయిన తపస్సు మాను మీదికి పద్యాలు పాడుకొంటూ ఎక్కుతాడు. కాలు జారితే ప్రాణం మీదికి వచ్చే ఎత్తు అది. పాడడానికి ఊపిరి, ఎక్కడానికి పట్టు, పైన నిలబడడానికి నిబ్బరం కావాలి. వీధినాటకం నేర్చే కుర్రవాళ్ళకు ఆ వేషం దూరాన కనిపించే శిఖరం. అదే సమయంలో మాను చుట్టూ నేలమీద తడిబట్టలతో స్త్రీలు సాగిలపడి ఉంటారు. సంతానం కోరి వచ్చినవారు వారు. పైనుండి వేషధారి విసిరే నిమ్మపండో, విభూతి పొట్లమో తమమీద పడాలని వారి ఎదురుచూపు.

ఈ ఒక్క దృశ్యంలో పైన చెప్పిన రెండు పదాలూ ముఖాముఖి నిలిచినవి. మాను మీద సత్తువ, మాను కింద సమర్త. అక్కడ చేరిన జనంలో పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లలూ ఉంటారు. తమ దేహం నుండి ఊరు ఏమి ఆశిస్తుందో చెప్పడానికి ఆ పిల్లలకు వేరే పాఠం అక్కరలేదు. అయితే దీనిని స్త్రీ అణచివేతకు చిత్రంగా మాత్రమే చదవడం తొందరపాటు. సాగిలపడిన స్త్రీ తన దేహం విఫలమయిందని ఇంటివారు అన్న మాటను ఊరిముందుకు తెచ్చి, దేవుని నుండి సమాధానం అడుగుతున్నది. ఇంట్లో నోరెత్తలేనిది అక్కడ ఎత్తుతున్నది.

సమర్త వేడుక కూడా ఒక విధంగా బహిరంగ ప్రకటనే. పచ్చాకు పందిరి, తలంటు, నువ్వులూ బెల్లమూ కలిపిన బలవర్ధకమైన తిండి, పేరంటాండ్ర పాటలు ఉంటాయి. ఆ కొద్దిరోజులు ఆడపిల్ల దేహానికి ఇంట్లో ఎప్పుడూ లేని శ్రద్ధ దక్కుతుంది. వేడుక ముగిసిన మరునాటి నుండి తొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి ఆగిపోతాయి. పరుగు ఆగుతుంది. బావికి, పొలానికి మాత్రం పోవడం ఆగదు, పేద ఇండ్లలో ఆగడానికి వీలులేదు. వేరుశనగ చేలో కలుపు తీసే పిల్లకు పరుగెత్తరాదన్న కట్టుబాటు, రోజంతా వంగి పనిచేయవలసిన అవసరం ఒకేసారి వర్తించినవి. ఈ వైరుధ్యాన్ని కులాన్నీ ఆస్తినీ విడిచి అర్థం చేసుకోవడం కుదరదు. ఇంటిలోనే ఉండి దేహాన్ని కాపాడుకోవడం కలిగిన ఇంటి పిల్లకు ఆంక్ష. కూలి ఇంటి పిల్లకు అందని సౌఖ్యం.

కుప్పం వైపు మగపిల్లలకు మరొక పరీక్ష ఎదురైనది. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ నడిపిన కోలారు బంగారుగనులకు ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుండి కూలీలు పెద్దయెత్తున వెళ్ళినారు. కుప్పం నుండి రైలులో బౌరింగుపేటకు, అక్కడినుండి గనులకు. రాతిగుండు ఎత్తినవాడిని ఊరు మెచ్చుకొంటుంది. గని అదే సత్తువను రోజు లెక్కన కొంటుంది. ఎత్తిన గుండును కింద పడవేసి నవ్వుకొనే వీలు గనిలో లేదు. రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి దమ్మును తినివేసే సంగతి కొన్నేళ్ళకు గాని తెలియదు. తన దేహం ఎంతకాలం పనిచేస్తుందన్న ప్రశ్న ఇరవయ్యేళ్ళు నిండకముందే ఆ పిల్లలకు ఎదురైనది.

బడి కొలత

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితంలోని ఒక ఘట్టం ఈ చర్చకు సరిపోయే ఉదాహరణ. చిన్ననాట మలేరియా పట్టి పీడించిన బాలుడు అతడు. బడిలో మందుడని పేరు పడి, ఉపాధ్యాయుల చేత దెబ్బలు తిన్నాడు. 1909లో తండ్రి నారాయణయ్యతో అడయారు చేరేనాటికి అతడికి పదునాలుగేళ్ళు లోపే. దేహం తిండిలేక చిక్కి ఉన్నది. సముద్రతీరంలో లెడ్‌బీటర్ అతడిలో రాబోయే జగద్గురువును చూచినానన్నాడు. ఆ మాట వెంట వచ్చిన దినచర్య మాత్రం సంపూర్ణంగా దేహానికి సంబంధించినది. వేళకు స్నానం, వేళకు తిండి, బలవంతంగా తాగించిన పాలు, ఈత, సైకిలు, టెన్నిసు. ఆ పాలు, ఆ తిండి పడక బాలుడు కడుపునొప్పితో బాధపడినాడని జీవితచరిత్రకారులు రాసినారు. కడప, మదనపల్లె బడులు పనికిరాడన్న దేహాన్నే అడయారు ఒక ప్రపంచోద్యమానికి పాత్రగా తోమడం మొదలుపెట్టినది. రెండు చోట్లా ఆ బాలుని అభిప్రాయం ఎవరూ అడగలేదు. 1912లో తండ్రి మద్రాసు హైకోర్టుకు పోయినప్పుడు వాదం పిల్లల సంరక్షణ ఎవరిదన్నది. 1913లో తండ్రికి అనుకూలంగా వచ్చిన తీర్పును మరుసటి ఏడు ప్రీవీ కౌన్సిలు తిరగవేసినది. ఆ 1913లోనే పద్దెనిమిదేళ్ళ కృష్ణమూర్తి తన బాల్యాన్ని గురించి, పోగొట్టుకొన్న తల్లిని గురించి స్వయంగా రాయడం ప్రారంభించినాడు. ఈ ప్రాంతంలో పుట్టిన ఒక కౌమారుడు తనను గురించి తాను రాసుకొన్న అరుదైన రచన అది. అటువంటి రాత ఏ మదనపల్లె బాలిక నుండీ రాలేదన్నది కూడా ఇక్కడే చెప్పవలసిన మాట.

అనీబిసెంటు పేర వెలసిన కళాశాల 1915లో మదనపల్లెలో ప్రారంభమైనది. దివ్యజ్ఞాన సమాజం నడిపిన విద్యాసంస్థలన్నింటిలోనూ దేహశిక్షణ చదువులో భాగమన్న భావన ఉండినది. బేడెన్ పవెల్ స్కౌటు దళాలలో భారతీయ బాలురకు అప్పటికి చోటు లేకపోవడంతో 1917లో బిసెంటు భారతీయ బాల స్కౌటు సంఘాన్ని మద్రాసులో స్థాపించినది. 1921లో ఆ సంఘం బేడెన్ పవెల్ సంస్థలో కలిసినది. ఈ నాలుగేళ్ళు కొద్దికాలమే అయినా అర్థం పెద్దది. తెల్లపిల్లవాడు చేయగలిగినదంతా నల్లపిల్లవాడూ చేయగలడని చూపడం అక్కడ లక్ష్యం. సత్తువ ఊరి పందెం నుండి జాతి పందెంలోకి వచ్చినది. ఆంధ్రదేశమంతటా కోడి రామమూర్తినాయుడు పేరు మారుమోగుతున్న కాలం అది. ఇనుపగొలుసులు తెంచి, రొమ్ముమీద ఏనుగును నిలిపి 'కలియుగ భీము'డనిపించుకొన్నాడు. మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామవిద్యా కళాశాల నుండి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు క్రమంగా జిల్లా బడులకు చేరినారు. పాత డ్రిల్లు మాస్టరు స్థానంలో ఆటలు నేర్పే మాస్టరు వచ్చినాడు. చెడుగుడుకు నియమాలు, మైదానానికి సున్నపు గీతలు వచ్చినవి. గీత లోపల ఆడేది మగపిల్లలే.

అబల అన్న పేరు

'అబల' అంటే బలం లేనిది. స్త్రీకి పర్యాయపదంగా నిఘంటువులెక్కిన మాట. మార్గరెట్ కజిన్స్ మదనపల్లెలో 1916 ప్రాంతంలో స్త్రీలను కూడగట్టి నడిపిన సంఘానికి 'అబలాభివర్ధినీ సమాజం' అన్న పేరు పెట్టడంలో ఉన్న విడ్డూరం భాషాశాస్త్ర విద్యార్థికి వెంటనే తడుతుంది. బలం లేనివారని ఒప్పుకొంటూనే బలం పెంచుతామన్న ప్రతిజ్ఞ అది. పేరు పెట్టినవారు దీనిని గమనించినారో లేదో గాని, ఆ సంఘానికి చేయందించిన స్త్రీ స్వయంగా అబల కాదు. ఐర్లండులో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి లండనులోనూ స్వదేశంలోనూ జైలుకు వెళ్ళినది. 1913లో టల్లమోర్ జైలులో నిరాహారదీక్ష చేసినది. తన దేహాన్నే వాదంగా నిలబెట్టడం తెలిసిన వ్యక్తి. పందొమ్మిదేళ్ళ తరువాత, 1932లో, స్వేచ్ఛగా మాట్లాడినందుకు వేలూరు స్త్రీల జైలుకూ వెళ్ళినది. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆచార్యుడుగా, అధిపతిగా మదనపల్లె కళాశాలలో పనిచేసినాడు. 1919లో రవీంద్రనాథ ఠాగూరు వచ్చి ఉన్నప్పుడు జనగణమన స్వరాన్ని మార్గరెట్ రాసిపెట్టిన సంగతి ఊరికి గర్వకారణం. అబలాభివర్ధినీ సమాజాన్ని అంతగా ఎవరూ తలచుకోరు. దాని స్ఫూర్తితో 1917లో అడయారులో ఆరంభమైన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మాత్రం దేశచరిత్రలోకి ఎక్కినది.

ఈ స్త్రీసంఘాల పోరాటంలో బాలిక దేహం ప్రధానాంశమైన సందర్భం వివాహవయస్సు చర్చ. 1891 నాటి శాసనం సమ్మతి వయస్సును పన్నెండుగా నిర్ణయించినది. 1929లో సారదా చట్టం బాలికకు పద్నాలుగు, బాలునికి పద్దెనిమిది ఏళ్ళను వివాహానికి కనీస వయస్సుగా విధించి 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. సనాతనుల అభ్యంతరం, సంస్కర్తల వాదం రెండూ ఒకే ప్రశ్నచుట్టూ తిరిగినవి. ఆడపిల్ల దేహం ఎప్పుడు సిద్ధమవుతుంది? ఒకరు సమర్తను ప్రమాణం చేసుకొన్నారు, మరొకరు ప్రసవమరణాలను చూపినారు. చట్టం ఆ రెండింటినీ పక్కన పెట్టి అంకెను ప్రమాణం చేసినది. దేహం చెప్పే సాక్ష్యానికి బదులు పుట్టినరోజు వచ్చి కూర్చొన్నది. అయితే పల్లెల్లో పుట్టినరోజు కాగితం మీద ఉండేది కాదు. కరవు వచ్చిన ఏడు, పెద్దగాలి వీచిన ఏడు అని చెప్పుకొనే ఇండ్లలో పద్నాలుగు ఎప్పుడు నిండినదో తేల్చేది మళ్ళీ ఆ దేహమే. అదే చట్టం బాలునికీ ఒక వయస్సు పెట్టినదని, ఆ వయస్సును గురించి ఇంత వాదం జరగలేదని గమనిస్తే చాలు, ఎవరి దేహం బహిరంగ చర్చకు తగినదని సమాజం భావించినదో తెలుస్తుంది.

ఆరోగ్యవరం

మదనపల్లెకు దగ్గరలో, దక్షిణ భారత క్రైస్తవ మిషన్లు ఉమ్మడిగా 1915లో క్షయ చికిత్సాలయాన్ని నెలకొల్పినవి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ మ్యోలర్ దానికి ఆద్యుడు. ఆ చోటికి ఆరోగ్యవరం అన్న పేరు వచ్చినది. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తు, పొడిగాలి, జనసమ్మర్దం లేని నేల ఆ ఎంపికకు కారణాలు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి మునుపటి ముప్పయ్యేళ్ళలో క్షయకు మందు లేదు. విశ్రాంతి, గాలి, తిండి, అవసరమైతే ఊపిరితిత్తిని కుదించే శస్త్రచికిత్స; అంతే.

కౌమార దేహభావన దృష్ట్యా చూస్తే ఆనాటి శానిటోరియం పద్ధతి ఒక విప్లవం. ఉదయం, సాయంకాలం ఉష్ణోగ్రత చూస్తారు. వేళప్రకారం తూకం వేస్తారు. మొదట పూర్తిగా పడకమీద. జ్వరం తగ్గితే లేచి కూర్చోవడం, ఆపైన కొద్దిదూరం నడక, మరికొంత నడక, తేలికపని. ఒక్కొక్క మెట్టూ వైద్యుని అనుమతితోనే. ఊరిలో సత్తువను నిరూపించుకొని పేరు తెచ్చుకొన్న యువకుడు ఇక్కడ కదలకుండా పడుకోవడమే పౌరుషమని నేర్చుకోవలసి వచ్చినది. రాతిగుండు ఎత్తిన చేతితో నీళ్ళచెంబు కూడా ఎత్తరాదన్నారు. తన విలువంతా చేయగలిగినదానిలో ఉన్నదని నమ్మిన దేహానికి ఇంతకంటె కఠినమైన శిక్ష లేదు. ఇంటికి వెళ్ళిన తరువాత బరువుపని చేయరాదన్న హెచ్చరిక రైతు ఇంటి కుర్రవానికి దాదాపు కులవృత్తిని మానుకొమ్మన్నట్టే.

ఆడపిల్లకు జరిగినది ఇంకొకటి. ఆమె అలసటకు అంతవరకు పేరు లేదు. పనిలో వెనకబడితే సోమరితనం, ముఖం పాలిపోతే నాజూకుదనం, చిక్కిపోతే అత్తింటి దిగులు. ఆర్థర్ లాంకెస్టర్ 1920లో భారతదేశంలో క్షయను గురించి ప్రకటించిన గ్రంథం పరదా పద్ధతికి, బాల్యవివాహానికి, యువతుల క్షయకు గల సంబంధాన్ని ఎత్తిచూపినది. ఈ ప్రాంతంలో పరదా ఉత్తరదేశంలో వలె లేదు. చీకటి వంటిల్లు, పొగ, వరుస కాన్పులు మాత్రం ఉన్నవి. శానిటోరియం పడక మీద ఆమె అలసట మొదటిసారిగా అంకె అయినది. సాయంత్రం పెరిగే ఉష్ణోగ్రత సోమరితనం కాదని పట్టికే చెబుతుంది. తూకం పెరిగితే ఆ పెరుగుదల ఆమెదే. పిల్లను కనడానికో, పెండ్లిచూపులకో కాక, దేహం తనకోసం బాగుపడవలసిన వస్తువుగా ఆమె ముందుకు రావడానికి ఈ పట్టిక వీలు కల్పించినది. రోగం మూలంగా దొరికిన ఆ వీలు ఎంత ఖరీదైనదో వేరుగా చెప్పనక్కరలేదు. శానిటోరియంలో చోటు దొరికినవారు కొందరే, వారిలోనూ ఖర్చు పెట్టుకోగల ఇండ్లవారికే అది సులభం.

ఇదే ఊరి నుండి అడయారు వెళ్ళిన కుటుంబంలో కృష్ణమూర్తి తమ్ముడు నిత్యానంద 1925 నవంబరులో అమెరికాలోని ఒహాయిలో క్షయతోనే మరణించినాడు. లోకమంతా తిరిగి, మేలైన గాలి వెదకి, మంచి వైద్యం పొంది కూడా ఇరవై ఏడేళ్ళకే పోయినాడు. ఆనాటి వైద్యానికి ఉన్న హద్దు అది.

మిల్లీమీటరు

1948లో భారతదేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం ప్రయోగాత్మకంగా మదనపల్లెలోనే మొదలైనది. స్కాండినేవియా దేశాల రెడ్‌క్రాస్ సంస్థలు, యూనిసెఫ్ కలిసి నడిపిన అంతర్జాతీయ క్షయనివారణోద్యమంలో ఇది భాగం. అదే సంవత్సరం మద్రాసు గిండీలో టీకా తయారీకేంద్రం ఏర్పడినది. మరుసటి ఏటి నుండి కార్యక్రమం ఇతర రాష్ట్రాల బడులకు వ్యాపించినది. పద్ధతి ఇది: మొదట ముంజేతి చర్మంలో ట్యుబర్కులిన్ ఎక్కిస్తారు. మూడవనాడు వచ్చి అక్కడ గట్టిపడిన వాపును స్కేలుతో కొలుస్తారు. వాపు రానివారికి భుజంమీద టీకా వేస్తారు. కొన్నివారాలకు అది పుండై, మాని, జీవితాంతం నిలిచే గుండ్రటి మచ్చ అవుతుంది.

ఈ ప్రాంత చరిత్రలో బాలుని చేతిని, బాలిక చేతిని ఒకే కొలబద్దతో కొలిచిన సందర్భం బహుశా ఇదే మొదటిది. రాతిగుండు ముందు బాలిక నిలబడలేదు. స్కౌటు దళంలో లేదు. సున్నపుగీత లోపల లేదు. పెండ్లివయస్సు చట్టం ఇద్దరికీ రెండు అంకెలు పెట్టినది. ట్యుబర్కులిన్ స్కేలుకు మాత్రం ఎనిమిది మిల్లీమీటర్లు ఎవరి చేతిమీదైనా ఎనిమిదే. బడిలో వరుసగా నిలబడి చేయి చాచిన పిల్లలు మూడవనాడు ఒకరి చేయి ఒకరు చూసుకోవడం సహజం. ఆ పోలికలో నెగ్గడం ఏమిటో, ఓడడం ఏమిటో వారికి తెలిసే అవకాశం లేదు. పెద్ద వాపు ఉన్నవానిది బలమా, రోగమా? ఊరి లెక్కలో పెద్దది ఎప్పుడూ గెలుపే. ఇక్కడ పెద్ద వాపు క్రిమి లోపలికి వచ్చి ఉన్నదన్న సూచన. దేహాన్ని గురించి దేహం మీద కనిపించేది ఒకటి, దాని అర్థం మరొకటి కావచ్చునన్న ఆధునిక వైద్యపాఠం పల్లెపిల్లలకు ఈ రూపంలో చేరినది.

1950 నుండి 1955 వరకు యోహనెస్ ఫ్రిమోడ్ మ్యోలర్ ఆధ్వర్యంలో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల జనాభాపై జరిగిన క్షయ పరిశోధన 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బులెటిన్‌లో వెలువడినది. ఎక్స్‌రే బండి ఊళ్ళలోకి వచ్చినది. అంతవరకు దేహమంటే చర్మం వరకే. ఎముకల గూడు, దాని నడుమ ఊపిరితిత్తుల నీడలు ఫిలిం మీదికి రావడంతో, గుండె నిబ్బరం అన్న మాటకు వెనుక ఒక నిజమైన గుండె ఉన్నదని చూపినట్టయినది. ఈ కొలతలలో వయస్సు, లింగం పట్టికలుగా నమోదైనవి. అయితే కొలవబడినవారు ఏమనుకొన్నారన్న గడి ఆ పట్టికలలో లేదు. వైద్యశాస్త్రం దృష్టిలో అది లోపం కాదు, చరిత్రకారునికి మాత్రం లోపమే.

టీకాకు వ్యతిరేకత కూడా బలంగానే వచ్చినది. 1955లో రాజగోపాలాచారి బి.సి.జి.ని తాను ఎందుకు వ్యతిరేకిస్తున్నాడో వివరిస్తూ ఒక పుస్తకమే ప్రచురించినాడు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దేహంలోకి జీవమున్న క్రిమిని ప్రవేశపెట్టే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిదన్నది ఆయన ప్రశ్నలలో ఒకటి. టీకా ఉపయోగాన్ని గురించి ఆయన అభిప్రాయంతో వైద్యలోకం ఏకీభవించలేదు. కాని అడిగిన ప్రశ్న నారాయణయ్య 1912లో హైకోర్టులో వేసిన ప్రశ్నకు దూరపు చుట్టమే: పిల్లవాని దేహం ఎవరిది? రెండు సందర్భాలలోనూ వాదించినవారు పెద్దలు.

పోలికకు పోని బడి

ఈ చర్చలో రిషివ్యాలీకి ఒక ప్రత్యేకస్థానం ఉన్నది. 1926లో మదనపల్లె సమీపంలో సేకరించిన లోయభూమిలో రూపుదిద్దుకొన్న ఈ పాఠశాలకు కృష్ణమూర్తి జీవితాంతం వస్తూ పోతూ ఉన్నాడు. అక్కడి పిల్లలతో జరిపిన సంభాషణలు 1974లో పుస్తకరూపంలో వచ్చినవి. భయం, పోలిక ఆ మాటలలో పదేపదే ఎదురయ్యే అంశాలు. ఎట్లా కూర్చొన్నారో, ఎట్లా నడుస్తున్నారో గమనించుకొమ్మని పిల్లలకు చెప్పడం కనిపిస్తుంది. మందుడని దెబ్బలు తిన్న మదనపల్లె బాలుడు, తన దేహాన్ని ఇతరులు తీర్చిదిద్దగా చూసిన అడయారు కౌమారుడు ఈ మాటల వెనుక ఉన్నాడని భావించడం అసంగతం కాదు. కొలబద్దే వద్దన్న బడి ఇది. రుసుము చెల్లించగలిగిన ఇండ్ల పిల్లలకే ఆ వెసులుబాటు ప్రధానంగా దక్కినదన్నది కూడా నిజం. లోయ దాటితే చుట్టూ ఉన్న పల్లెల్లో రాతిగుండు, తపస్సు మాను, ఎక్స్‌రే బండి యథాప్రకారం ఉన్నవి.

ఆడపిల్ల అలసటను అంకెగా చూపవలసిన అవసరమూ తీరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ళ బాలికలలో 59.1 శాతం, అదే వయస్సు బాలురలో 31.1 శాతం రక్తహీనతతో ఉన్నారు. 'ఆడపిల్లకు అంత దమ్ము ఎక్కడిది' అన్న మాటను ఈ రెండు అంకెల పక్కన పెట్టి చదివితే, స్వభావమని భావించినదానిలో ఎంత భాగం తిండికి సంబంధించినదో ఊహించవచ్చు.

1959లో మద్రాసులోని క్షయ రసాయనచికిత్సా కేంద్రం తన ప్రయోగ ఫలితాలను ప్రకటించినది. శానిటోరియంలో ఉంచి మందులిచ్చిన రోగులకు, ఇంటివద్దనే ఉంచి అవే మందులిచ్చిన రోగులకు నయం కావడంలో చెప్పుకోదగిన తేడా లేదని తేలినది. ఏడాదిపాటు పడకమీద ఉండనక్కరలేదు, ఇల్లు విడువనక్కరలేదు. ఇది లక్షలమంది పేదలకు ప్రాణదానం. రైతు ఇంటి కుర్రవాడు మాత్రలు మింగుతూనే మడక పట్టగలిగినాడు. ఆడపిల్ల మాత్రలు మింగుతూనే పొయ్యి దగ్గరికి వెళ్ళినది. పూటపూటకు ఉష్ణోగ్రత రాసి, తూకం వేసి, ఈరోజు ఇంత దూరమే నడవమని చెప్పే మనిషి ఆ ఇంట్లో లేరు. ఆమె అలసట తిరిగి ఇంటివారి మాటలలోకే వెళ్ళినది.